ఓడిపోయేవాడి వేషం

ఓడిపోవడానికి ఒక మనిషి కావాలని వచ్చారు.
ఇతోమన్ రేవులో నేను ఐసు దిమ్మలు దించుతున్నాను.
టోక్యో వాళ్ళు, తెల్ల వ్యాను, మెడలో చీటీలు.
కథ చివర పోటీలో
హీరో చేతిలో దెబ్బ తిని బోర్లా పడాలి.
పేరుండదు, మాటుండదు.
రోజుకు తొమ్మిది వేల యెన్లు, మధ్యాహ్నం పెట్టె భోజనం.

తొకాషికి మాస్టారు
మా పదకొండుమందినీ ఒకసారి చూసి
నా వైపు గడ్డం ఎత్తారు.
అంతే.
పొద్దున్నే టోఫు చేసి అమ్ముకునే మనిషి ఆయన.
మాటనైనా గుడ్డలో వేసి
పిండాల్సినంతే పిండుతారు.

నాకు ఒళ్ళు మండింది.
ఆ రాత్రి చెరుకు తోటల పక్కగా నడుస్తూ
గాలిని ఎన్నిసార్లు గుద్దానో లెక్కలేదు.

తొమ్మిదేళ్ళ కిందట నేను గెలిచేవాణ్ణి.
దెబ్బ చర్మం దగ్గర ఆగాలన్నది నియమం.
నాది ఆగలేదు.
మయేషిరో దవడ
ఎండిన చెరుకుగడలా చప్పుడు చేసింది.
ఆ చప్పుడుకీ, భయానికీ మధ్య
ఒక్క క్షణం
నాకెంత హాయిగా ఉందో
ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

అతను ఆరు వారాలు స్ట్రాతో గంజి తాగాడట.
నేను వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి,
చెప్పుల జతలు లెక్కపెట్టి,
వచ్చేశాను.

మాస్టారు నన్ను పొమ్మనలేదు.
బకెట్టూ గుడ్డా ఇచ్చారు.
నాలుగేళ్ళు ఆ నేల తుడిచాను.
ఏ చెక్కకు ఏ కన్నుందో
కళ్ళు మూసుకుని చెప్పగలను.

హీరో హినోకుమాకు ఇరవై రెండేళ్ళు.
పిడికిట్లో బొటనవేలు
లోపలుండాలో బయటుండాలో తెలీదు.
బయట, అని చూపించాను.
సిగ్గుపడి, నడుం వంచి దణ్ణం పెట్టాడు.
కోపం పెట్టుకోవడానికి కూడా చోటివ్వని పిల్లాడు.

మొదటిసారి పడ్డాను.
"ఇంకొంచెం బాధగా" అన్నాడు దర్శకుడు.
రెండోసారి పడ్డాను.
"అంత బాధ వద్దు."
ఐదు, ఆరు, తొమ్మిది...
పడ్డప్పుడల్లా నేల ముఖానికి దగ్గరగా వచ్చేది.
తుడిచేటప్పుడు చూసినంత దగ్గరగా.

పన్నెండోసారి
చెమట మీద అతని కాలు జారింది.
పిడికిలి నిజంగానే వచ్చి ముక్కు మీద పడింది.
వెచ్చగా నెత్తురు.
నా కుడిచెయ్యి,
నేను పంపలేదు,
తొమ్మిదేళ్ళూ వెంటేసుకుని లేచింది.

ఆగింది.
అతని గొంతు ముందు,
నడుమ బియ్యపు గింజ పట్టనంత దూరంలో.
అతను గుటక వేస్తే
గొంతుముడి నా వేళ్ళకి తగలబోయి
కిందికి దిగింది.
ఎవరు ఆపారో తెలీదు.
ఆ తడిగుడ్డేమో.

"కట్! ఓడేవాడి చెయ్యి లేచింది.
పనికిరాదు. ఇంకోటి."

లైట్ల వెనక ప్లాస్టిక్ కుర్చీలో
మాస్టారు ఉడికించిన వేరుశనగలు ఒలుస్తున్నారు.
ఒక గింజ నోటిదాకా వెళ్ళి
అక్కడే ఉండిపోయింది కాసేపు.
సాయంత్రం అన్నారు:
"వెళ్ళి ముక్కుకి ఐసు పెట్టుకో. దొరుకుతుందా?"
రోజుకు ఎనిమిది టన్నుల ఐసు మోసేవాణ్ణి
నెత్తురు పీలుస్తూ నవ్వాను.
ఆయన నవ్వలేదు.
బస్సెక్కాక, కిటికీ వైపు తిరిగి, నవ్వారు.

పదిహేడోది బాగుందన్నారు.

సినిమా వసంతంలో నాహాకి వచ్చింది.
మూడు టిక్కెట్లు కొన్నాను.
అమ్మకొకటి, నాకొకటి.
మూడోది కవర్లో పెట్టి, అడ్రసు రాసి,
ఉత్తరం ఏం రాయాలో తోచక
టిక్కెట్టు ఒక్కటే పోస్టు చేశాను.

తెర మీద నేను నాలుగు సెకన్లు.
పడ్డాను. హీరో ఏడ్చాడు. వయొలిన్లు.
లేచిన నా చెయ్యి ఎక్కడా లేదు.
జనం చప్పట్లు కొడుతుంటే
అమ్మ ముందుకి వంగి, హాలంతా వినబడేలా:
"ఒరే, బొటనవేలికి ఆ పట్టీ ఏంటి?
నాకు చెప్పనేలేదే!"

వెనక వరసల్లో ఎవరో నవ్వారు.
నవ్వు చివర
దవడ కీలు టిక్కుమన్న చిన్న చప్పుడు.

లైట్లు వెలిగేదాకా
నేను వెనక్కి తిరగలేదు.